బంగారు వాచీకి మకిలి తీయడం వేరు, మెరుగు పెట్టడం వేరు

ప్రశ్న: మా తాతగారు ఉద్యోగ విరమణ చేసిన రోజున ఆయనకు కానుకగా ఇచ్చిన బంగారు రంగు చేతి వాచీ ఈమధ్య నాకు అందింది. కీ ఇస్తే ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. వెనుక మూత మీద ఆయన పేరు, 1968 అనే సంవత్సరం చెక్కి ఉన్నాయి. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోవడం వల్ల కేసు మసకబారింది. తోలు పట్టీ తగిలించే చోట నల్లగా మురికి పేరుకుంది, ఒక మూల ఆకుపచ్చగా కూడా కనిపిస్తోంది. అద్దం నిండా సన్నని గీతలు ఉన్నాయి. టూత్‌పేస్టుతోనో వంటసోడాతోనో రుద్దితే కొత్తదానిలా మెరుస్తుందని ఒకరు, నగలకు మెరుగు పెట్టే గుడ్డతో తుడిస్తే చాలని మరొకరు చెబుతున్నారు. త్వరలో మా ఇంట్లో జరిగే వేడుకకు దీన్ని పెట్టుకోవాలని ఉంది. ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చా?

సమాధానం: మకిలి తీసే పని ఇంట్లోనే చేసుకోవచ్చు, అదీ ఒక పూటలో అయిపోతుంది. మెరుగు పెట్టే పని మాత్రం మీ వాచీ విషయంలో ఇంట్లో చేయవద్దనే చెబుతాను. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. మకిలి తీయడమంటే లోహం మీద పేరుకున్న చెమట ఉప్పు, చర్మపు పొట్టు, సబ్బు జిడ్డు, దుమ్ము తొలగించడం. అందులో బంగారం అణువంతైనా పోదు. మెరుగు పెట్టడమంటే గీత అడుగు ఎంత లోతున ఉందో దాని చుట్టూ ఉన్న లోహాన్ని కూడా అంత లోతుకు అరగదీయడం. గీత పోయిందంటే ఎవరో దాన్ని పూడ్చారని కాదు, దాని పక్కనున్న బంగారం తరిగిపోయిందని అర్థం.

ఆ తరుగును తట్టుకునేంత బంగారం మీ వాచీలో ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. బంగారు రంగులో కనిపించే వాచీలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది కేసు మొత్తం బంగారు మిశ్రమంతో చేసినది. దాని మీద 750 అని ఉంటే 18 కారట్లు, అంటే నూటికి 75 పాళ్లు బంగారం; 585 అని ఉంటే 14 కారట్లు; 375 అని ఉంటే 9 కారట్లు. రెండవది బంగారు రేకు తాపడం చేసినది. ఇత్తడి వంటి లోహం మీద బంగారపు రేకును వేడితో, ఒత్తిడితో అతికించి చేస్తారు. పాత వాచీల మీద ‘1/20 14కె జి.ఎఫ్.’ అన్న ముద్ర కనిపిస్తే, ఆ లోహపు బరువులో ఇరవయ్యో వంతు 14 కారట్ల బంగారమని అర్థం. మూడవది విద్యుత్తు సాయంతో బంగారు పూత పూసినది. దాని మీద ‘జి.పి.’ అనో, ‘20 మైక్రాన్లు’, ‘10 మైక్రాన్లు’ అనో ఉండవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక సుమారు 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి, ఒకప్పుడు మందమైన పూతగా పేరుపొందిన 20 మైక్రాన్ల పొర కూడా వెంట్రుకలో సగానికి రాదు. ఇప్పటి చౌక వాచీల మీద పూత ఒక మైక్రాన్ కూడా ఉండకపోవచ్చు.

ఈ ముద్రలు వెనుక మూత మీద, పట్టీని పట్టి ఉంచే నాలుగు కొమ్ముల లోపలి వైపు, లేదా మూత లోపలి భాగంలో ఉంటాయి. మూత తెరవడానికి మాత్రం మీరు ప్రయత్నించవద్దు. చాకు మొనతో తెరవబోయి చేసిన గాట్లు ఎన్నో పాత వాచీల అంచుల మీద చూశాను, అవి ఇక పోయేవి కావు. బయట ముద్ర దొరకకపోతే భూతద్దం పట్టుకుని కొమ్ముల చివరలు, కేసు అంచులు, కీ ఇచ్చే గుబ్బ పక్కన చొక్కా చేతి అంచు రాసుకునే చోటు చూడండి. పూత ఉన్న వాచీ ముందుగా అక్కడే అరుగుతుంది. మొదట పసుపు రంగు కాస్త పలచబడినట్టు, తర్వాత దాని నడుమ సన్నగా తెల్లని గీత, ఆపైన ఎరుపు కలిసిన ఇత్తడి రంగు కనిపిస్తాయి. ఆ తెలుపు చాలాసార్లు పూతకు అడుగున వేసిన నికెల్ పొర. మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని ఇంగ్లీషులో రాసి ఉంటే, ముందు భాగం పూతదో తాపడందో అయివుండటం దాదాపు ఖాయం. అయస్కాంతంతో పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష ఏమీ తేల్చదు. పైగా లోపల వాచీ వేగాన్ని అదుపు చేసే సన్నని చుట్ట స్ప్రింగ్‌కు (హెయిర్ స్ప్రింగ్) అయస్కాంత గుణం పట్టుకుంటే వాచీ రోజుకు ఎన్నో నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంది.

మీరు రాసిన ఆకుపచ్చ రంగు ఈ విషయంలో మంచి ఆధారం. అది చిలుము. రాగి కలిసిన లోహం చెమటలోని ఉప్పుతో, గాలిలోని తేమతో కలిసినప్పుడు పుట్టేది అదే. తక్కువ కారట్ల బంగారంలోనూ రాగి ఉంటుంది కాబట్టి చిలుమును బట్టి తుది తీర్పు చెప్పలేను. అయినా కొమ్ముల మూలల్లో పచ్చగా పేరుకుందంటే అక్కడ పూత అరిగి కింది ఇత్తడి బయటపడి ఉండే అవకాశమే ఎక్కువ. కనుక మీ వాచీని పూత వాచీగానే భావించి పని మొదలుపెట్టండి. అది నిజంగా బంగారపు కేసే అయినా, ఇంత జాగ్రత్త తీసుకున్నందుకు దానికి ఏ నష్టమూ ఉండదు.

ఇక టూత్‌పేస్టు సంగతి. పళ్ల మీద గారను గీకి తీయడానికి అందులో సిలికా, కాల్షియం కార్బొనేట్ వంటి సన్నని పొడులు కలుపుతారు. పంటి పింగాణీ చాలా గట్టిది కాబట్టి ఆ రాపిడికి ఓర్చుకుంటుంది. బంగారం అంత గట్టిది కాదు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద పింగాణీ 5 దగ్గర ఉంటే, మేలిమి బంగారం 2.5, 3 మధ్య ఉంటుంది. టూత్‌పేస్టుతో రుద్దిన వెంటనే మెరుపు కనబడేది నిజమే, మకిలి పోతుంది కదా. దాన్నే దీపం కింద పక్కవాటుగా తిప్పి చూస్తే వేల కొద్దీ సన్నని వలయాకారపు గీతలు కనిపిస్తాయి, పూత వాచీ అయితే కొమ్ముల కొసలు తెల్లబడి ఉంటాయి. వంటసోడా అంత కరుకైనది కాకపోయినా, దాని పొడి మూత చుట్టూ ఉన్న సందులోకి, గుబ్బ కిందికి చేరి గట్టిపడుతుంది. నిమ్మరసం, వెనిగర్ బంగారాన్ని ఏమీ చేయకపోవచ్చు, కానీ పూత అరిగిన చోట కింది ఇత్తడిని తినేస్తాయి. బ్లీచింగ్ ద్రవాన్ని దగ్గరికే రానీయకండి. క్లోరిన్ బంగారపు మిశ్రమంలోని రాగి, వెండి మీద దాడి చేస్తుంది, తక్కువ కారట్ల బంగారాన్ని పెళుసుగా మారుస్తుంది. పగిలిన పాత థర్మామీటరులోని పాదరసం తగిలితే బంగారం తెల్లబడి, దానితో కలిసిపోతుంది. ఆ మచ్చను తుడిచి తీయడం సాధ్యం కాదు.

శుభ్రం చేయడానికి కావలసినవి కొన్నే: కళ్లజోడు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు రెండు మూడు, పసిపిల్లలు వాడే మెత్తని టూత్‌బ్రష్ కొత్తది ఒకటి, చెక్క టూత్‌పిక్కులు, కొద్దిగా గోరువెచ్చని నీళ్లు, పాత్రలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు. బల్ల మీద తెల్లని తువ్వాలు పరిచి దాని మీద పని చేయండి. జారిపడినా వాచీకి దెబ్బ తగలదు, చిన్న పిన్ను ఎగిరినా కనిపిస్తుంది. కీ ఇచ్చే గుబ్బ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో ముందే చూసుకోండి.

వీలైతే తోలు పట్టీ విప్పండి. పట్టీని పట్టి ఉంచేది కొమ్ముల మధ్య ఉన్న స్ప్రింగ్ పిన్ను. దాన్ని నొక్కడానికి చిన్న పనిముట్టు దొరుకుతుంది. అది చేతిలో లేకపోతే సూదితోనో కత్తెర మొనతోనో పెనుగులాడవద్దు, జారిందంటే కొమ్ము మీద గీత పడుతుంది. అలాంటప్పుడు పట్టీ ఉండగానే పని కానివ్వండి, తోలుకు తడి తగలకుండా చూసుకుంటే చాలు.

మొదటి దశ పూర్తిగా పొడిగా జరగాలి, అందరూ దాటవేసేదీ దీన్నే. పెట్టెలో ఉన్న వాచీ మీద కంటికి కనిపించని దుమ్ము ఉంటుంది. ఆ దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, వాటి కాఠిన్యం మోస్ కొలబద్ద మీద 7. దుమ్ము ఉండగానే గుడ్డ వేసి రుద్దితే, ఎంత మెత్తని గుడ్డ అయినా ఆ రేణువులను పట్టుకుని లోహం మీద గీస్తుంది. అందుకని పొడి బ్రష్‌తో, బరువు వేయకుండా, లోపలి నుంచి బయటికి దులపండి. తర్వాత టూత్‌పిక్ మొనను కాస్త నలిపి మెత్తబరిచి, అద్దానికీ కేసుకూ మధ్య ఉన్న గాడి వెంట, మూత చుట్టూ, కొమ్ముల మూలల్లో నెమ్మదిగా నడిపించండి. బూడిద రంగులో మెత్తని పిండిలాంటిది పుల్ల మొనకు చుట్టుకుని వస్తుంది. అది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కేసు మసకబారిందని మీరు అనుకుంటున్న దానిలో చాలా భాగం అదే, అక్కడి నుంచి పలచగా ముందు వైపుకు పాకిన జిడ్డు పొర. చిలుమును కూడా ఇలాగే పొడి పుల్లతో తీయండి. ఆ పొడిని తెల్లని తువ్వాలు మీద పడనిచ్చి వెంటనే తీసేయండి, ఊదవద్దు. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

రెండవ దశలో తడి గుడ్డ. గిన్నెడు గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు కలిపి, అందులో గుడ్డ కొస ముంచి, ఒక్క చుక్క కూడా కారనంత గట్టిగా పిండండి. వాచీని గుబ్బ పై వైపుకు ఉండేలా పట్టుకుంటే తడి ఏదైనా ఉన్నా కిందికే జారుతుంది తప్ప గుబ్బ కాడ వెంట లోపలికి పోదు. ఆ గుడ్డతో కేసును చిన్న చిన్న భాగాలుగా తుడిచి, ప్రతి భాగానికీ గుడ్డలో శుభ్రమైన చోటు వాడండి. తర్వాత మామూలు నీటిలో ముంచి పిండిన మరో గుడ్డతో సబ్బు పోయేలా తుడవండి, చివరగా పొడి గుడ్డతో ఒత్తి తడి తీయండి. రుద్దాల్సిన అవసరం ఎక్కడా రాదు. మొండి జిడ్డు ఒకసారికి పోకపోతే మళ్లీ రేపు ఇదే పని చేయండి; చేతి బలం పెంచడం కన్నా ఇంకో రోజు వేచి ఉండటం మేలు. తుడవడం ముగిశాక గాలి తగిలే నీడలో ఒకటి రెండు గంటలు ఉంచి పట్టీ తగిలించండి. ఎండలో పెట్టవద్దు, జుట్టు ఆరబెట్టే యంత్రం వాడవద్దు. వేడికి లోపలి నూనెలు పలచబడి పారతాయి, నీటిని ఆపే రబ్బరు వాషరు దెబ్బతింటుంది.

కుళాయి కింద పట్టడం, నీటిలో ముంచడం మీ వాచీకి పూర్తిగా నిషిద్ధం. మూత మీద నీటి నిరోధం గురించి ఏమి రాసి ఉన్నా, అది ఆ వాచీ కొత్తగా ఉన్నప్పటి మాట. నీటిని ఆపేది ఆ రబ్బరు వాషరే, అది అర్ధ శతాబ్దంలో గట్టిపడి, పగిలి, కొన్నిసార్లు జిగురుగా కూడా మారిపోతుంది. కొత్త వాచీల విషయంలోనూ 30 మీటర్లు అన్న రాతను చూసి మోసపోకూడదు. అది మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 3 రెట్ల పీడనాన్ని తట్టుకున్న పరీక్షను తెలిపే అంకె, అంత లోతుకు దిగవచ్చన్న హామీ కాదు. చేతులు కడిగేటప్పుడు పడే తుంపరలకు సరిపోతుంది, అంతే. లోపలికి చేరిన ఒక్క నీటి చుక్క ఉక్కు స్ప్రింగులకు, మరలకు తుప్పు పట్టించడానికి చాలు. ఎప్పుడైనా అద్దం లోపలి వైపు ఆవిరి కనిపిస్తే కీ ఇవ్వకుండా, ఆ రోజే వాచీ పని తెలిసినవారికి చూపించండి.

ఇదే సమస్యతో, కానీ బంగారు చెయిన్ ఉన్న వాచీలతో ఉన్న పాఠకుల కోసం ఒక మాట. చెయిన్‌ను వాచీ నుంచి పూర్తిగా వేరు చేయగలిగితేనే దాన్ని సబ్బు నీటిలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, లంకెల మధ్య బ్రష్‌తో తోమి, మంచి నీటితో కడగండి. లంకెల మధ్య చేరిన దుమ్ము, జిడ్డు కలిసి సానపట్టే ముద్దలా పనిచేసి లోపలి పిన్నులను అరగదీస్తాయి, పాత చెయిన్లు వదులై వేలాడటానికి ఒక కారణం అదే; కాబట్టి ఈ కడగడం అందం కోసమే కాదు. ధ్వని కంపనాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ యంత్రం ఉన్నవారు విడదీసిన బంగారు చెయిన్‌ను అందులో వేయవచ్చు గాని, పూత చెయిన్‌ను, రాళ్లు అతికించిన చెయిన్‌ను, వాచీని మాత్రం ఎన్నడూ వేయకూడదు.

మీ రెండో సలహాదారు చెప్పిన గుడ్డ గురించి ఇప్పుడు చెబుతాను. నగల మెరుగు గుడ్డలో సాధారణంగా రెండు పొరలు ఉంటాయి. లోపలి పొరకు సన్నని ఐరన్ ఆక్సైడ్ పొడి వంటి మెరుగు మందు పట్టించి ఉంటుంది, బయటి పొర చివర్లో తుడవడానికి. లోపలి పొరతో రుద్దినప్పుడు గుడ్డ నల్లబడుతుంది, మురికి ఊడివస్తోందని మనం తృప్తి పడతాం. ఆ నలుపులో మురికితో పాటు వాచీ లోహం కూడా ఉంటుంది. కేసు మొత్తం బంగారమై, ఉపరితలం అద్దంలా నునుపైనదైతే, ఏడాదికి ఒకటి రెండు సార్లు, తేలికగా, ఒకే దిశలో నాలుగైదు సార్లు తుడిస్తే ప్రమాదం లేదు. సన్నని సమాంతర గీతలతో కావాలనే మందకాంతిగా తయారుచేసిన భాగాలు కొన్ని వాచీల మీద ఉంటాయి, వాటి మీద ఈ గుడ్డ పడితే ఆ నగిషీ చెదిరి మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. పూత వాచీ మీదైతే అసలే వద్దు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన వాచీ కేసు ఎక్కడా మచ్చ లేకుండా మెరిసిపోతోంది, కానీ నాలుగు కొమ్ముల కొసలూ సబ్బుబిళ్ల మూలల్లా గుండ్రబడి, బంగారపు ముద్రలో చివరి అంకె మాయమై ఉంది. వారానికొకసారి ప్రేమగా ఆ గుడ్డతో రుద్దేవారట. పదును పోయిన అంచును తిరిగి తేవాలంటే కరిగించిన లోహాన్ని లేజర్‌తో నింపి మళ్లీ మలచాలి, అది అందరూ చేయగల పని కాదు. పాత వాచీలు సేకరించేవారు మెరుగు పెట్టని కేసునే ఎక్కువగా ఇష్టపడటం ఇందుకే.

అద్దం దగ్గర మాత్రం మీకు సంతోషం కలిగించే విషయం ఉంది. ఆ కాలపు వాచీలలో చాలావాటికి ఉన్నది గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. గోటితో తట్టి చూడండి. గాజైతే స్పష్టంగా గణగణమంటుంది, అక్రిలిక్ అయితే మొద్దుగా పలుకుతుంది, తాకితే గాజంత చల్లగా ఉండదు. అక్రిలిక్ మీది సన్నని గీతలు ఇంట్లోనే పోతాయి. ప్లాస్టిక్ అద్దాలకు మెరుగు పెట్టే ముద్ద ఒక బొట్టు నూలు గుడ్డ మీద వేసి, మూడు నాలుగు నిమిషాలు చిన్న వలయాలుగా తిప్పి తుడిచేస్తే తేట వస్తుంది. టూత్‌పేస్టుకు వాచీ మీద ఎక్కడైనా చోటుంటే అది ఈ అద్దం మీదే, అదీ వేరేది దొరకనప్పుడు. ఏది వాడినా అది కేసు మీదికి పోకుండా అద్దం చుట్టూ కాగితపు టేపు అంటించాలి. పూత పొరలుగా లేస్తున్న చోట టేపు అంటిస్తే దానితో పాటే ఊడి వస్తుంది కాబట్టి అక్కడ వదిలేయండి. స్పిరిట్, గోళ్ల రంగు తీసే ద్రవం అక్రిలిక్‌ను తాకితే సన్నని పగుళ్లు పడతాయి, మసక కమ్ముతుంది.

డయల్ మీద అంకెలు, ముళ్లు గోధుమ రంగుకు తిరిగిన పాత వెలుగు రంగుతో ఉన్నాయేమో కూడా చూడండి. 1960ల వరకు కొన్ని వాచీల్లో చీకట్లో వెలగడానికి రేడియం వాడారు. ఆ రంగు వెలగడం ఎప్పుడో మానేసినా, రేడియం అర్ధాయుష్షు సుమారు 1600 సంవత్సరాలు కాబట్టి దాని రేడియోధార్మికత అలాగే ఉంటుంది. మూసి ఉన్న వాచీని చేతికి పెట్టుకోవడం వేరు, అద్దం విప్పి ఆ పొడిని కదిలించడం వేరు. డయల్‌ను ఇంట్లో తుడవకూడదని చెప్పడానికి ఇది ఒక కారణమైతే, దాని మీది అక్షరాలు వేలి స్పర్శకే చెరిగిపోయేంత సున్నితమైనవి కావడం మరొకటి.

పూత నిజంగానే అరిగి ఉంటే మళ్లీ పూత వేయించవచ్చా అన్న ఆలోచన మీకు రావచ్చు. వేయించవచ్చు. అయితే పూతకు ముందు కేసును విడదీసి, పాత పొర తీసి, నునుపు చేయాలి, ఆ నునుపు చేయడంలోనే అంచులూ చెక్కడాలూ అరుగుతాయి. నా మటుకు నేనైతే తాతగారి వాచీకి ఆ పని చేయించను. కొమ్ముల దగ్గర రవ్వంత ఇత్తడి కనిపిస్తే కనిపించనివ్వండి. పెట్టుకున్న రోజు సాయంత్రం పొడి గుడ్డతో చెమట తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెడితే చిలుము తిరిగి రావడం బాగా తగ్గుతుంది. అత్తరు, చర్మానికి రాసుకునే క్రీములు వేడుక రోజున ముందే పూసుకుని, అవి ఆరాక వాచీ పెట్టుకోండి. మణికట్టు దగ్గర దురద, ఎర్రదనం వస్తే అది బయటపడిన నికెల్ వల్ల కావచ్చు, అప్పుడు వాచీ తీసేసి పని తెలిసినవారికి చూపించండి. వారికి ఇచ్చినప్పుడల్లా ‘లోపల నూనె మార్చండి, వాషరు మార్చండి, కేసుకు మాత్రం మెరుగు పెట్టవద్దు’ అని నోటితో చెప్పి, రసీదు మీద కూడా రాయించుకోండి. అడగకపోయినా మెరుగు పెట్టి ఇవ్వడం కొన్నిచోట్ల అలవాటు.

వెనుక మూత మీది పేరునూ సంవత్సరాన్నీ పొడి బ్రష్‌తో రెండుసార్లు దులిపి, పొడి గుడ్డతో ఒత్తి, అంతటితో ఆపండి. దులిపిన తర్వాత కూడా అక్షరాల గాడుల అడుగున నల్లగా ఏదైనా మిగిలితే దాన్ని పుల్లతో గీకవద్దు. చుట్టూ ఉన్న లోహం మెరుస్తుండగా ఆ నలుపు అలాగే నిలిచి ఉండటం వల్లే మీ తాతగారి పేరు ఇంకా చదవడానికి వీలుగా ఉంది.